చివరి వరసలో మధ్య సీటు

ఏప్రిల్ 26

ఈ రోజు నుంచి ఈ మనిషితో నేను మాట్లాడను. తర్వాత ఎప్పుడైనా మెత్తబడితే మళ్లీ చదువుకుని గట్టిపడటానికి రాసి పెట్టుకుంటున్నాను.

మధ్యాహ్నం పార్కులో భోజనాలప్పుడు, మా ఊగే ఓడని కేబిన్‌లోంచి నడిపే బాబాయ్ నా పక్కన కూర్చుని మామూలుగా అడిగాడు. కేబిన్‌లోకి వచ్చి ఓడ నడపడం నేర్చుకోమంటే వద్దన్నావటగా తల్లీ, ఎందుకని. నన్నెవరడిగారు, నేనెప్పుడు వద్దన్నాను? బాబాయ్ వచ్చే నెల రిటైరవుతున్నాడు. ఆయన జాగాలోకి నన్ను తీసుకుందామని మేనేజర్ అనుకున్నాడట. అనుకున్నవాడు నన్ను అడగాలి కదా. మా ఆయన్ని అడిగాడట. మా ఆయన అక్కడికక్కడే, ఆమెకి కుదరదండి, ఇంట్లో అమ్మ ఉంది అని తేల్చేశాడట.

ఇంట్లో అత్తయ్య ఉంది కాబట్టి కుదరదట. పొద్దుటినుంచి చీకటి పడేదాకా ప్లాట్‌ఫాం మీద నిలబడితే అత్తయ్యకి ఏ ఇబ్బందీ లేదు. నేను కేబిన్‌లో కుర్చీలో కూర్చుంటే మాత్రం ఆవిడ మోకాళ్లు నొప్పి పెడతాయి కాబోలు.

సాయంత్రం ఇంటికొచ్చాక నిలదీశాను. నాకెందుకు చెప్పలేదు అన్నాను. "చెప్తే నువ్వు ఒప్పుకుంటావని తెలుసు" అన్నాడు. ఎంత నిజాయితీ! అసలు సంగతి నాకు తెలుసు. కేబిన్‌లో నేను కూర్చుంటే కింద ఆయన చెయ్యెత్తి నా వైపు చూస్తూ నిలబడాలి. నేను బటన్ నొక్కేదాకా ఆగాలి. ఆ నిలబడటం ఆయనకి కుదరదు. కుదరనిది ఆయనకి, పేరు నాది.

ఏప్రిల్ 27

పలకలేదు. తనూ పలకలేదు. పైగా నిద్ర కూడా బాగా పట్టినట్టుంది, గురక.

ఏప్రిల్ 30

అత్తయ్యని మా ఇద్దరి మధ్య టెలిఫోన్ చేసేశాం. అత్తయ్యా, కూరలో ఉప్పు సరిపోయిందేమో అడగండి అంటాను నేను, ఆయన నా ఎదురుగానే కూర్చుని తింటుంటే. అమ్మా, సరిపోయిందని చెప్పు అంటాడు ఆయన. ఆవిడ రెండు రోజులు ఓపిక పట్టి ఈ రోజు కంచం పక్కకి తోసింది. నేను మీ ఇద్దరి మధ్యా తీగనా, నాకు నెలజీతం ఏమన్నా ఇస్తున్నారా అంది. నవ్వొచ్చింది. ఆయనకీ వచ్చింది, మూతి తిప్పుకున్నాడు. నేనూ తిప్పుకున్నాను.

తర్వాత గిన్నెలు కడుగుతుంటే ఆవిడకి నిజంగానే అనుమానం వచ్చింది. ఇద్దరూ రోజంతా ఒకే చోట పనిచేస్తారు కదా, మాటల్లేకుండా ఆ పనెలా నడుస్తోందమ్మా అని. ఆవిడకి వివరంగా చెప్పాను. మా ఓడ ఒక పెద్ద ఇనప ఉయ్యాల. వరసకి మూడు సీట్లు. ఒక్కో సీటుకీ ఒక బార్, ఒళ్లోకి దిగుతుంది. మొదటి క్లిక్కు పడగానే కేబిన్‌లో పచ్చలైటు వెలుగుతుంది గానీ ఆ లైటుని నమ్మకూడదు. రెండో క్లిక్కు పడేదాకా చేత్తో నొక్కాలి. నొక్కడమంటే మనిషి ఒంటికి దగ్గరగా వెళ్లడమే. మగవాళ్లు వచ్చి ఒళ్లో బార్ నొక్కుతున్నారని ఆడవాళ్లు గొడవ చేస్తేనే కదా నాకీ ఉద్యోగం వచ్చింది. అందుకని ఆడవాళ్లవి నేను, మగవాళ్లవి ఆయన. నొక్కడం అయ్యాక ఇద్దరం వైపులు మారతాం. ఈసారి ఆడా మగా లేదు, ప్రతి బారునీ పైకి లాగి చూస్తాం. ఆయన నొక్కినవి నేను, నేను నొక్కినవి ఆయన. అయ్యాక ఎవరి వైపు వాళ్లు వెళ్లి "అయింది" అని అరిచి చెయ్యెత్తాలి. రెండు చేతులూ చూస్తేనే బాబాయ్ బటన్ నొక్కుతాడు.

ఇప్పుడు అరవడం మానేశాం. చేతులే. పని ఏమీ ఆగలేదు.

అత్తయ్య అంతా విని, చేతులతో ఓడ నడుస్తుందేమో గానీ కాపురం నడవదు అంది. కొడుకుని ఒక్క మాట అనదు, సామెతలు మాత్రం నాకు.

మే 3

మేనేజర్ పొద్దున్నే ప్లాట్‌ఫాం మీదకే వచ్చి మీటింగు పెట్టాడు. సెలవులు మొదలయ్యాయి, జనం పెరిగారు. ఎక్కీ ఎక్కకముందే దింపేస్తున్నారని తిడుతున్నారట. కాబట్టి రేపటి నుంచి ఓడ ఇప్పటికంటే సగం ఎక్కువసేపు ఊగాలి. క్యూ మాత్రం ఇప్పటికంటే నెమ్మదిగా నడవకూడదు. ఇదెక్కడి లెక్క? ఒకచోట పెంచితే ఇంకోచోట కొయ్యాలి. కోసేది ఎక్కడంటే మా దగ్గర. నొక్కడం ఉంటుంది, వైపులు మారి లాగి చూడటం ఉండదు.

బాబాయ్ ఒక్కడే నసిగాడు, లాగి చూడటం తీసేస్తే ఎలాగండీ అని. మేనేజర్ నవ్వాడు.

"ఓడ ఎక్కువసేపు ఊగలేదని తిట్టేవాళ్లున్నారు గానీ, బార్ ఎక్కువసేపు లాగలేదని తిట్టినవాడు ఇంతవరకు లేడు బాబాయ్."

నేను ఏదో ఒకటి అనాల్సింది. ఆయన కూడా అనబోయాడు, నోరు తెరవడం చూశాను. కానీ ఆయన అంటే నేను దాన్ని బలపరచాలి. నేను అంటే ఆయన బలపరచాలి. ఇద్దరం బెల్లం కొట్టిన రాళ్లలా నిలబడ్డాం. మేనేజర్ అభ్యంతరం లేదనుకుని వెళ్లిపోయాడు.

మే 7

నిజం చెప్పాలంటే హాయిగానే ఉంది. ఇంట్లో అరుపుల్లేవు. అరుపులన్నీ గోడ అవతలే. మా క్వార్టర్స్ పార్కు వెనకగోడకి ఆనుకునే ఉంటాయి కాబట్టి సెలవు రోజున కూడా ఓడ ఎక్కినవాళ్ల కేకలు వంటింట్లోకి వస్తాయి. పైకి వెళ్లినప్పుడు ఒక కేక, కిందికి వచ్చినప్పుడు ఒక కేక. ఇప్పుడు ఇంకా ఎక్కువసేపు. పప్పులో నీళ్లు పోసి, ఇది ఆగేలోపు ఉడుకుతుందా అని చూస్తూ కూర్చుంటున్నాను.

ఆయన ఎదురొస్తే గోడకి అతుక్కుని దారి ఇస్తాను. ఆయనా అంతే. రెండు గదుల ఇంట్లో ఇద్దరు మనుషులు ఒకరికొకరు తగలకుండా తిరగడం కూడా ఒక విద్యే. మాకు బాగా వచ్చేసింది.

అడిగితే కేబిన్ సంగతి మళ్లీ మేనేజర్‌తో మాట్లాడతాడేమో. నేనెందుకు అడగాలి? తప్పు చేసింది తను. ముందు తను పలకాలి.

మే 11

ఈ రోజు రాయను.

మే 12

అది ఆయన సీటు. ముందు ఇది రాసుకోవాలి.

నిన్న, చివరి వరస. నా వైపు సీట్లో తల్లి, ఆయన వైపు సీట్లో తండ్రి, మధ్యలో వాళ్ల పిల్ల. పదకొండు పన్నెండేళ్లు ఉంటాయి. జుట్టు చెవుల పైదాకా కత్తిరించి ఉంది. గళ్ల చొక్కా, ప్యాంటు. ఎవరు చూసినా మగపిల్లాడనే అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. మగపిల్లాడి బార్ ఆయన నొక్కాలి.

తల్లి బార్ నేను రెండో క్లిక్కు దాకా నొక్కాను. తండ్రిది ఆయన నొక్కాడు. మధ్యది నొక్కలేదు. నొక్కకుండానే చెయ్యెత్తాడు. ఆయన ఎత్తాక నేనూ ఎత్తాను. ఆయన ఎత్తకపోతే నేను ఎత్తేదాన్ని కాదు.

పార్కులో మంచు గదిలోకి వెళ్లొచ్చినట్టుంది, పిల్ల నడుముకి స్వెట్టర్ కట్టుకుని ఉంది. బార్ ఆ ముడి మీద ఆగి మొదటి క్లిక్కే పడింది. లైటు పచ్చగానే వెలిగి ఉంటుంది, బాబాయ్ తప్పేం లేదు. చాలాసేపు బాగానే ఊగింది. పాత లెక్కయితే అప్పటికే ఓడ ఆగిపోయి, దిగి, నవ్వుకుంటూ వెళ్లిపోయి ఉండేవాళ్లు. ఈ కొత్తగా కలిపిన ఊపుల్లోనే స్వెట్టర్ ముడి జారింది. ఓడ కొస పైకి లేచినప్పుడు పిల్ల బార్ కింద నుంచి జారిపోయింది. తల్లీ తండ్రీ చెరో రెక్కా పట్టుకున్నారు.

ఆపండి అని అరిచాను. అవతలి వైపు నుంచి ఆయన కూడా అదే మాట అరిచాడు. బాబాయ్ వెంటనే ఆపాడు. కానీ ఓడ మనిషి కాదు, ఆపమంటే ఆగడానికి. దాని ఊపు అది తీర్చుకునే ఆగుతుంది. మేమిద్దరం చెరో వైపు నిలబడి అది తిరిగి రావడం, మళ్లీ వెళ్లడం చూస్తూ ఉన్నాం. చివరి వరస మా ముందు నుంచి వెళ్లినప్పుడల్లా ఆ తల్లి మొహం కనబడేది. ఆవిడ కేక వేయలేదు. పళ్లు బిగబట్టి ఉంది.

పిల్లకి గడ్డం పగిలింది, ఒక భుజం కీలు తప్పింది. ప్రాణానికేం భయం లేదట. బాబాయ్ ఆసుపత్రికి వెళ్లొచ్చి చెప్పాడు.

మే 13

మళ్లీ చెప్తున్నాను, ఆ పిల్లని చూస్తే ఎవరైనా అబ్బాయనే అనుకుంటారు. చెవులకి ఏమైనా పెట్టుకుందా అంటే నేను చూడలేదు. జుట్టు అంత పొట్టిగా ఉంటే చెవులు కనబడతాయి కదా అని అడగొచ్చు. కనబడతాయి. నేను చూడలేదు.

మే 14

ఓడ ఆపేశారు. ప్లాట్‌ఫాం కడిగి ఇంటికొచ్చాను. ఈ రోజు వెనకగోడ అవతల కేకల్లేవు. పిచ్చెక్కేలా ఉంది.

ఆయన భోజనం చేయలేదు. అత్తయ్య ఈసారి ఎవరి మాటా ఎవరికీ చేరవేయలేదు.

మే 15

మేనేజర్ గదిలో మేము ముగ్గురం. నేను, ఆయన, బాబాయ్. కెమెరాలో పడింది చూపించాడు. అందులో మా వీపులు, ఎత్తిన చేతులు తప్ప ఏమీ లేదు. మేనేజర్ నా వైపు తిరిగాడు. ఆడపిల్లేగా, అంటే నీ సీటేగా అన్నాడు. జుట్టు సంగతి, చొక్కా సంగతి, రెండు రోజులుగా ఇక్కడ రాసుకున్నదంతా చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను.

ఆయన అడ్డం వచ్చాడు.

"కాదండీ. చూస్తే అబ్బాయిలా ఉంది. నేను అబ్బాయనే అనుకున్నాను. నేను చూడాల్సిందే. చూడలేదు."

నా వైపు చూడకుండా చెప్పాడు. నేను ఏమీ అనలేదు. అంటే, అవును అని కూడా అనలేదు. ఊరుకున్నాను, అంతే. ఊరుకోవడం మూడు వారాలుగా అలవాటైన పనే కదా.

మే 16

తీసేశారు. రేపటి నుంచి ఆయన్ని రావద్దన్నారు.

యూనిఫాం చొక్కాలు రెండూ ఉతికి ఆరేశాడు. తిరిగి ఇవ్వాలట. తీగ మీద అవి వేలాడుతుంటే కింద బెంచీ మీద కూర్చున్నాడు. నేను కాఫీ తీసుకెళ్లి పక్కన పెట్టాను. థాంక్సన్నాడు. ఇన్ని రోజుల తర్వాత ముందు పలికింది ఆయనే. నేను గెలిచాను.

థూ.

మే 20

ఇంత మంచివాడని ఎవరనుకున్నారు? అదే నన్ను తినేస్తోంది. నా పీకల మీదకి వచ్చినదాన్ని తన నెత్తిన వేసుకున్నాడు. ఎందుకు వేసుకున్నాడు? నా మీద ప్రేమా? లేకపోతే జన్మంతా నేను నోరెత్తకుండా ఇదొక ఏర్పాటా? ఇక కేబిన్ మాటెత్తి నేనేం సాధించగలను? అసలు ఏ మాటెత్తి ఏం సాధించగలను?

ఒక గోదాములో సరుకు దింపే పని దొరికింది. నేను లేచేసరికి వెళ్లిపోతున్నాడు. వచ్చాక మాట్లాడుతున్నాడు కూడా. స్నానానికి నీళ్లున్నాయా, తలుపు గడియ వేశావా. నేను ఉన్నాయి, వేశాను అంటున్నాను. మాట్లాడుకోని రోజుల్లో ఇంతకంటే ఎక్కువ మాట్లాడుకునేవాళ్లం.

మే 22

మేనేజర్ పిలిచి కేబిన్ నన్నే తీసుకోమన్నాడు. ఇప్పుడు అడగడానికి మా ఆయన అక్కడ లేడు కాబట్టి నన్నే అడిగాడు. ఒప్పుకోక ఏం చేయను? ఆయన ఉద్యోగం పోయింది, ఈ రెండు గదులూ ఇప్పుడు నా ఉద్యోగం మీద నిలబడ్డాయి. అత్తయ్యని తీసుకుని ఎక్కడికి పోతాం?

ఆయనకి చెప్పాను. మంచిదే, జాగ్రత్తగా నేర్చుకో అన్నాడు. వెటకారమేమో అని మొహం చూశాను. కాదు. వెటకారమైనా బాగుండేది.

మే 25

ఓడ మళ్లీ మొదలైంది. స్వెట్టర్లు నడుముకి కట్టుకోకూడదని ఒక బోర్డు పెట్టారు. తప్పంతా స్వెట్టర్‌దే అన్నట్టు. ఊగే సమయం మాత్రం తగ్గించలేదు, జనానికి నచ్చిందట.

కేబిన్ మూడు వైపులా అద్దాలు. తలుపు వేస్తే బయటి చప్పుడు ఏదీ సరిగ్గా వినబడదు. రెండు బటన్లూ రెండు చేతులతో ఒకేసారి నొక్కి పట్టుకోవాలి, ఓడ కదిలేదాకా. చేతులు తీయడానికి లేదు. బాబాయ్ వెనక నిలబడి అన్నీ చెప్తున్నాడు. నేర్చుకోవడం తొందరగానే వచ్చింది. నాకు కుదరదని ఎవరన్నారో! కింద కొత్తగా వచ్చిన అమ్మాయి, అబ్బాయి చేతులు ఎత్తుతారు. నేను ప్రతిసారీ వాళ్ల మొహాలు చూస్తాను. వీళ్లు మాట్లాడుకుంటున్నారా, లేదా? నిన్న గొడవ పడ్డారా? చేతులు చూస్తే ఏం తెలుస్తుంది? తెలియకుండానే నొక్కుతున్నాను. ఓడ లేస్తుంది. అది ఊగినంతసేపూ నా ఊపిరి నా దగ్గర ఉండదు.

కేబిన్‌లోకి రావాలని ఎంత ఏడ్చాను! వచ్చాను. ఇప్పుడు తలుపు ఎటుందో తెలియడం లేదు.

మే 27

ఆ పిల్ల క్యూలో నాతో మాట్లాడింది.

ఇది ఇంతవరకు రాయలేదు. నా డైరీలో నాకు నేనే దాచుకున్నాను. గొలుసు దగ్గర నిలబడి, "అక్కా, ఇది ఎంతసేపు ఊగుతుంది?" అని అడిగింది. ఇదివరకటి కంటే ఎక్కువసేపే అన్నాను. అమ్మయ్య అంది. ఆ గొంతు ఆడపిల్లది. చెవులకి సన్నటి పోగులున్నాయి. నా సీటని నాకు తెలుసు.

తల్లి బార్ నొక్కి, చెయ్యి చాచబోయి తలెత్తాను. అవతలి నుంచి ఆయన ఆ మధ్య సీటు వైపే చూస్తున్నాడు. అక్కడ ఆగిపోయాను. అబ్బాయనుకుని తను నొక్కుతాడు, లేదా అమ్మాయని తెలిసి, ఆ సీటు నీది, చూడు అంటాడు. అనాలంటే నోరు తెరవాలి. తెరిస్తే ముందు పలికింది తనే. ఒక్క క్షణం, ఆ ఒక్క క్షణం మాత్రం నాకు ఆ పిల్ల కనబడలేదు. సీటు కూడా కనబడలేదు. ఆయన నోరే కనబడింది. తెరుస్తాడా లేదా అని. ఆయన చెయ్యెత్తాడు. ఓహో అలాగా అనుకుని నేనూ ఎత్తాను.

అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు అంటారు. దుత్త అయితే పగిలినా మట్టి.

మే 28

మేనేజర్‌కి చెప్పేశాను. రాత్రంతా నిద్రలేదు, పొద్దున్నే వెళ్లి నిలబడి చెప్పాను. ఆడపిల్లని నాకు తెలుసు, సీటు నాది, ఆయన్ని వెనక్కి తీసుకోండి, నన్ను తీసేయండి అన్నాను.

తలుపు వేసి రమ్మన్నాడు. కోప్పడతాడనుకున్నాను. బతిమాలుతున్నట్టు మాట్లాడాడు. ఒక మనిషి పొరపాటు చేశాడు, ఆ మనిషిని మార్చాం, పైవాళ్లు ఒప్పుకున్నారు, అయిపోయింది అన్నాడు.

"ఇప్పుడు ఇద్దరి పొరపాటు అన్నావనుకో, మనుషుల్ది కాదు పద్ధతిది పొరపాటంటారు. లాగి చూడటం ఎవరు తీసేశారంటారు. నువ్వు నాకేం చెప్పలేదు, నేనేం వినలేదు. వెళ్లి ఓడ చూసుకోమ్మా."

నిజం చెప్పడానికి ఇంత ధైర్యం కూడగట్టుకుని వెళ్తే, దాన్ని పుచ్చుకునే నాథుడు లేడు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఇప్పుడు తెలిసింది. మళ్లీ వెళ్లి కేబిన్‌లో కూర్చున్నాను. రెండు చేతులూ బటన్ల మీద పెట్టాను.

మే 30

ఆయనకి చెప్పాను.

ఆదివారం ఇద్దరికీ కుదరదని, ఈ రోజు సాయంత్రం గోదాము నుంచి రాగానే వాకిట్లోనే పట్టుకున్నాను. లోపలికి వెళ్తే అత్తయ్య ఉంటుంది, మళ్లీ వాయిదా వేస్తానని భయం. చెప్పులు విప్పుతున్నాడు. నించునే చెప్పేశాను. ఆ పిల్ల ఆడపిల్లని నాకు ముందే తెలుసు. నా తప్పు మీరు మోస్తుంటే నేను చూస్తూ ఊరుకున్నాను. మీ అంత గొప్ప మనసు నాకు లేదు. ఇంకా ఏవేవో అన్నాను. ఏడుస్తూ అన్నాను కాబట్టి సగం ఆయనకి అర్థమై ఉండదు.

ఒక చెప్పు విప్పి, రెండోది విప్పకుండా మెట్టు మీద కూర్చున్నాడు.

"నీ తప్పు నేనెందుకు మోస్తాను?" అన్నాడు. "నాకూ తెలుసు."

ఏం తెలుసు అన్నాను.

"ఆడపిల్లని. నువ్వు చెయ్యి చాచబోయి ఆగిపోవడం చూశాను. నొక్కలేదని తెలుసు. 'అది నొక్కలేదు, చూడు' అని ఒక్క మాట అనాలి. అంటే నేనే ముందు పలికినట్టవుతుందని చెయ్యెత్తేశాను. నువ్వు ఎత్తవులే, అప్పుడు బాబాయ్ ఆగుతాడు, నువ్వే నోరు తెరుస్తావు అనుకున్నాను. నువ్వూ ఎత్తావు."

అబ్బాయనుకున్నానని మేనేజర్ దగ్గర ఎందుకన్నారని అడిగాను. మరేం చెప్పమంటావ్, మా ఆవిడ ముందు పలకాలని ఒక పిల్లని గాలికి వదిలేశానని చెప్పమంటావా అన్నాడు. చెప్పి రెండో చెప్పు కూడా విప్పాడు.

ఇన్నాళ్లూ ఆయన నా బరువు మోస్తున్నాడని కుమిలిపోయాను. మోయలేదు. తన తప్పుకి తను శిక్ష వేసుకున్నాడు. నాది ఎక్కడున్నది అక్కడే ఉంది. ఇద్దరం మెట్టు మీద పక్కపక్కనే కూర్చున్నాం. గోడ అవతల ఓడ ఊగుతూనే ఉంది, నా బదులు బాబాయ్ నడుపుతున్నాడు. ఏమీ మాట్లాడుకోలేదు. ఈసారి పంతం కాదు, మాటలు లేవు.

జూన్ 2

ఆఫీసులో ఫిర్యాదు రాసుకున్నామె దగ్గర నంబరు తీసుకుని ఆ తల్లికి ఫోన్ చేశాను. ఓడ దగ్గర పనిచేసేదాన్నని, ఒకసారి వచ్చి మాట్లాడతానని అన్నాను. రేపు రండి అంది.

ఆయన తనూ వస్తానన్నాడు. వద్దన్నాను. మొదట నాది నేను చెప్పుకోవాలి. మీది మీరు తర్వాత వెళ్లి చెప్పుకోండి అన్నాను. సరేనన్నాడు.

జూన్ 3

మూడో అంతస్తు. తల్లే తలుపు తీసింది. లోపలి గదిలో టీవీ గట్టిగా మోగుతోంది. తండ్రి ఆ గదిలో ఉన్నాడని ఆవిడ చెప్పలేదు గానీ, తలుపు సందులోంచి కాళ్లు కనబడ్డాయి. పిల్ల ముందుగదిలో సోఫాలో కూర్చుని ఉంది. చెయ్యి మెడకి వేలాడదీసి కట్టారు. గడ్డం మీద కుట్ల మచ్చ. నన్ను చూసి గుర్తుపట్టి నవ్వింది.

దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ రాలేదు. కూర్చోకుండానే మొత్తం చెప్పేశాను. అటు వైపు ఉన్నాయన మా ఆయనేనని, మా ఇద్దరికీ మాటల్లేవని, సీటు చూడలేదని తెలిసే ఇద్దరం చేతులెత్తామని. తల్లి తిట్టలేదు, కొట్టలేదు. దండం పెట్టబోతే నా చేతులు కిందికి దించేసింది. మంచినీళ్లు తెస్తానని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆవిడకి ఏడవడానికి ఒక చోటు కావాలని అర్థమైంది.

పిల్ల నన్ను పక్కన కూర్చోమంది. చెయ్యి నొప్పిగా ఉందా అని అడిగాను. ఇప్పుడు తక్కువేనంది. అడగకూడదనుకుంటూనే అడిగాను. బార్ వదులుగా ఉందని తెలియలేదా తల్లీ అని.

"తెలిసింది అక్కా. పిలుద్దామనే చెయ్యెత్తబోయాను."

మరి పిలవలేదేం అన్నాను.

"మీరూ ఆ అంకులూ మాట్లాడుకోవట్లేదని తెలిసిపోయింది. మా ఇంట్లో కూడా చేతులే. మిమ్మల్ని పిలిస్తే ఆయనకి కోపం వస్తుంది, ఆయన్ని పిలిస్తే మీకు కోపం వస్తుంది కదా. అందుకే ఊరుకున్నా."

తప్పేమీ జరగనట్టు, లెక్క చెప్పినట్టు చెప్పింది. తల్లి నీళ్ల గ్లాసు పట్టుకుని వంటింటి గుమ్మంలో ఆగిపోయింది. లోపలి గదిలో టీవీ చప్పుడు కూడా ఆగింది. తండ్రి బయటికి రాలేదు, తల్లి ముందుకి రాలేదు. పిల్ల ఒకసారి అటు చూసింది, ఒకసారి ఇటు చూసింది. తర్వాత నన్ను చూసి, నేనేమైనా తప్పు మాట్లాడానా అక్కా అంది.

లేదన్నాను. లేదమ్మా, లేదు అని చాలాసార్లు అన్నాను.

ఇంటికొచ్చి గంటయింది. ఆయన వాకిట్లో ఎదురుచూస్తూ కూర్చున్నాడు, ఏమన్నారు అని రెండుసార్లు అడిగాడు. ఇది రాసి వెళ్తాను. ఆ పిల్ల మాట ఉన్నదున్నట్టు చెప్పాలి.